తెలుగు సినిమాలో కళా దర్శకత్వం

సినిమాలో కథ జరిగే చోటును తయారుచేసే మనిషి కళా దర్శకుడు. ఇల్లు, వీధి, గుడి, కోట, జైలు గది, రైలు పెట్టె, చివరికి గోడకు వేలాడే క్యాలెండరు, పొయ్యి మీది మసిగిన్నె కూడా ఆయన లెక్కలోకే వస్తాయి. నటుడు పాత్రకు ఒళ్ళూ గొంతూ ఇస్తే, ఆ పాత్ర పుట్టి పెరిగిన ఇంటిని ఇచ్చేది ఈయన. ప్రేక్షకుడు నటుడి పేరు చెప్పి టికెట్టు కొంటాడు కాబట్టి రెండో మనిషి పేరు టైటిళ్ళలోనే ఆగిపోతుంది. తెలుగు రంగస్థలం మీద మాత్రం ఒకప్పుడు ఈ రెండు పనులూ ఒకే మనిషి చేసేవాడు. నటుడు, చిత్రకారుడు, సెట్టు కట్టేవాడు కలిసి నడిచిన చోటల్లా తెలుగు తెర మీద మంచి సినిమా వచ్చింది. ఈ వ్యాసంలో ఆ దారినే చూద్దాం.

సురభి నుంచి బందరు దాకా

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడి మొదలైన సురభి నాటక సమాజాల్లో పని విభజన అన్నది లేదు. వనారస కుటుంబంతో పుట్టి శాఖలుగా విడిపోయిన ఈ సమాజాల్లో సాయంత్రం కృష్ణుడి వేషం కట్టే మనిషే పగలు తెరకు రంగులద్దేవాడు. భీముడి వేషం వేసినవాడు గద ఎత్తుతూనే తెర వెనక తాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచేవాడు. బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం, ఘటోత్కచుడు మాయమవడం, వంటకాలు వాటంతట అవే కదలడం — వీటన్నిటి వెనక సన్నటి తీగలు, కప్పీలు, వాటిని లాగే ఇంటిమనుషుల చేతులు ఉండేవి. పిల్లలు ఈ పనంతా చూస్తూ పెరిగేవారు, చేస్తూ నేర్చుకునేవారు. సురభి బాబ్జీగా జనానికి తెలిసిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. నటన, దర్శకత్వం, రంగాలంకరణ మూడూ ఒకే జీవితంలో ఇమిడిన పాత సంప్రదాయానికి దక్కిన గౌరవంగా దాన్ని చూడాలి.

1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు నటులు సురభి నుంచే వచ్చారు. నాటకంలోని నటులతో పాటు నాటకంలోని తెరలూ సినిమాలోకి వచ్చేశాయి. అప్పటి పౌరాణికాల్లో రాజసభ అంటే వెనక ఒక రంగుల పరదా, ముందు రెండు స్తంభాలు, ఒక సింహాసనం. కెమెరా కదలనంత కాలం ఇది సరిపోయింది. కెమెరా కదలడం మొదలయ్యాక పరదాలోని స్తంభానికి నీడ పడదని, ఎంత నడిచినా దగ్గరకు రాదని అందరికీ అర్థమైంది. నీడ పడే స్తంభం కావాలంటే దాన్ని కట్టక తప్పదు. అలా కట్టించగల చదువూ చేతిపనీ ఉన్న చిత్రకారులకు సినిమా తలుపులు తెరుచుకున్నాయి.

అలా వచ్చిన తొలివారిలో అడవి బాపిరాజు ఒకరు. 1895లో భీమవరంలో పుట్టి, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్‌కుమార్ ఛటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్న ఈ నవలాకారుడు ‘అనసూయ’, ‘ధ్రువ విజయం’, ‘మీరాబాయి’ చిత్రాలకు కళా దర్శకత్వం వహించారు. ‘నారాయణరావు’ నవల రాసిన చేత్తోనే మునుల ఆశ్రమాలకు రేఖలు గీశారు. రచయితా చిత్రకారుడూ అయిన మనిషి పౌరాణిక సినిమాకు చోటును ఊహించడం ఆ రోజుల్లో ఎంత పెద్ద మలుపో మన సినీ చరిత్రలు సరిగ్గా చెప్పలేదు.

గోఖలే, కళాధర్

విజయా సంస్థ సినిమాల టైటిళ్ళలో జంటగా కనిపించే రెండు పేర్లు గోఖలే, కళాధర్. మాధవపెద్ది గోఖలే (1917–1981) చిత్రకారుడే కాక కథకుడు కూడా. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957), ‘గుండమ్మ కథ’ (1962) చూసినవాళ్ళకు ఆయన చేతి గీత తెలియకుండానే తెలుసు. ‘పాతాళభైరవి’ గుహలోని అమ్మవారి విగ్రహాన్ని తలుచుకోండి. ఆ ఎత్తు, ఆ చూపు కలిసి ప్రేక్షకుడిలో భక్తినీ భయాన్నీ ఒకేసారి లేపుతాయి. మాంత్రికుడిగా ఎస్.వి.రంగారావు ఆ విగ్రహం ముందు నిలబడి నవ్వితే ఆ నవ్వుకు రెట్టింపు బలం వచ్చింది. నటుడి పక్కన సెట్టు కూడా నటించిందన్న మాట అక్కడ అక్షరాలా నిజం.

‘మాయాబజార్’లో ద్వారకానగరాన్ని దూరం నుంచి చూపడానికి సూక్ష్మ నమూనా కట్టారు. చిన్న చిన్న మేడలు, వాటిలో దీపాలు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెలుగు అమర్చాక అది నిజమైన మహానగరమే అనిపించింది. ఇద్దరిలో ఎవరి పని ఎక్కడ ఆగి రెండోవారి పని ఎక్కడ మొదలైందో చెప్పలేం. అయితే గోఖలే గొప్పతనం నాకు ‘గుండమ్మ కథ’లోనే ఎక్కువగా కనబడుతుంది. ద్వారక ఎలా ఉండాలో చెప్పడానికి సాక్షి ఎవరూ లేరు. గుండమ్మ ఇల్లు ఎలా ఉండాలో మాత్రం థియేటర్లో కూర్చున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. అన్నీ తెలిసిన ప్రేక్షకుల ముందు ఒక మధ్యతరగతి ఇంటిని నమ్మించడం ఎక్కువ కష్టం.

పని జరిగే తీరు

స్క్రిప్టు చేతికి రాగానే కళా దర్శకుడు దాన్ని చోట్లవారీగా విడగొడతాడు. ఏ సీను ఏ ఇంట్లో, పగలా రాత్రా, ఎండాకాలమా వానాకాలమా, ఎన్నిసార్లు వస్తుంది అని రాసుకుంటాడు. తర్వాత లొకేషన్లు చూడ్డానికి వెళతాడు. దొరికిన చోటును వాడుకోవాలా, కొంత మార్చుకోవాలా, మొత్తం కట్టుకోవాలా అన్న నిర్ణయం దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, నిర్మాత కూర్చుని తీసుకుంటారు. ఆపైన స్కెచ్చి, కొలతలతో ప్లాను, అట్టతోనో కంప్యూటరులోనో నమూనా, ఖర్చు అంచనా. అంచనా ఒప్పుకున్నాక వడ్రంగులు, మౌల్డింగు పనివాళ్ళు, వెల్డర్లు, పెయింటర్లు దిగుతారు. ప్లైవుడ్డు, సన్నటి కర్ర బద్దలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫైబరు, థర్మాకోలు — మహారాజ భవనమైనా పూరి పాక అయినా అసలు సరుకు దాదాపు ఇదే.

సెట్టులోని గదికి సాధారణంగా మూడు గోడలే స్థిరంగా ఉంటాయి. నాలుగోది తీసి పెట్టుకునేట్టు చేస్తారు, కెమెరాకు చోటు కావాలి కాబట్టి. పైకప్పు చాలాసార్లు ఉండదు, లైట్లు అక్కడి నుంచే దిగుతాయి. గదిని చాలాసార్లు వాస్తవంలో కంటే కొంచెం పెద్దదిగా కడతారు. అన్నిటికంటే ఓపిక అడిగే పని కట్టడం అయ్యాక మొదలవుతుంది. కొత్త గోడను పాతబరచాలి. తలుపు గడియ దగ్గర చేతులు తగిలి తగిలి నలుపెక్కిన మచ్చ, మంచం తల ఆనే చోట గోడ మీద నూనె జిడ్డు, చూరు కింద వాననీళ్ళు జారిన చార, దీపం గూట్లో పొగచూరిన మసి. ఇవి లేని ఇంట్లో నటుడు ఎంత బాగా నటించినా అద్దెకొచ్చినవాడిలా ఉంటాడు. అనుభవమున్న పెయింటరు ఈ మచ్చలు పెట్టే ముందు ఆ ఇంట్లో ఎవరుంటారు, ఎంత పొడుగు, ఎడమచేతి వాటమా అని అడుగుతాడు. పాత్రను అర్థం చేసుకోవడంలో నటుడు చేసే సాధన కూడా ఇదే కదా.

ఆర్ట్ డైరెక్టర్, ప్రొడక్షన్ డిజైనర్ అనే రెండు హోదాలు ఇప్పుడు టైటిళ్ళలో విడిగా కనిపిస్తున్నాయి. సినిమా మొత్తం కంటికి ఎలా కనబడాలో ముందుగా నిర్ణయించేది ప్రొడక్షన్ డిజైనర్. ఆ నిర్ణయాన్ని నేల మీద నిలబెట్టేది ఆర్ట్ డైరెక్టర్. హాలీవుడ్‌లో ‘గాన్ విత్ ద విండ్’ (1939)కు విలియం కామెరాన్ మెన్జీస్ చేసిన పనితో ఈ హోదాకు గుర్తింపు వచ్చింది. మన జాతీయ పురస్కారాన్ని కూడా ఇప్పుడు ప్రొడక్షన్ డిజైన్ పేరుతోనే ఇస్తున్నారు. చిన్న సినిమాల్లో రెండు పనులూ ఒక్కరే చేస్తారు.

తోట తరణి

తెలుగు నేల మీద పుట్టిన కళా దర్శకుల్లో దేశమంతా పేరు మోగిన మనిషి తోట తరణి. బందరులో పుట్టారు. తండ్రి తోట వెంకటేశ్వరరావు కూడా కళా దర్శకుడే. మద్రాసు ప్రభుత్వ లలిత కళల కళాశాలలో చిత్రకళ చదివారు. మణిరత్నం ‘నాయకన్’ (1987) కోసం మద్రాసు వీనస్ స్టూడియోలో ఆయన కట్టిన ధారావి మురికివాడకు జాతీయ పురస్కారం వచ్చింది. పేదల బస్తీని అందంగా చేయకుండా, అసహ్యంగానూ చేయకుండా కట్టడం ఎంత కష్టమో ఆ సినిమా చూస్తే తెలుస్తుంది. ఇరుకు సందుల్లో మనుషులు ఒకరినొకరు రాసుకుంటూ నడుస్తారు. కథానాయకుడు వేలు నాయకర్ ఆ జనానికి పెద్దదిక్కు ఎందుకయ్యాడో ఆ ఇరుకే చెబుతుంది. రెండో జాతీయ పురస్కారం శంకర్ ‘ఇండియన్’ (1996)కు వచ్చింది. 2001లో పద్మశ్రీ అందుకున్నారు.

తెలుగులో ‘సాగరసంగమం’, ‘గీతాంజలి’, గుణశేఖర్ తీసిన ‘అర్జున్’ (2004), ‘రుద్రమదేవి’ (2015) ఆయన చేసినవే. ‘అర్జున్’ కోసం మధుర మీనాక్షి ఆలయాన్ని నిలబెట్టారు. ‘పొన్నియిన్ సెల్వన్’ రెండు భాగాలకూ (2022, 2023) ఆయనే. ఆయన విడిగా చిత్రకారుడు కూడా. సెట్టు స్కెచ్చిల్లో గీత వేగంగా, తడబాటు లేకుండా పోతుంది. కంప్యూటరు నమూనాలొచ్చాక కూడా చేతి గీతను వదలని తరం ఆయనది.

గడీలోకి వెళ్ళిన చిత్రకారులు

తెలంగాణ పల్లె తెర మీద తనలా తాను కనబడటానికి చాలా కాలం పట్టింది. మద్రాసు స్టూడియోల్లో ‘పల్లెటూరు’ అంటే డెల్టా పల్లెటూరే. గోదావరి గట్టు, కొబ్బరిచెట్టు, మండువా లోగిలి. దొరలు ఉండే తెలంగాణ గడీ, వాకిలి, అరుగు, సున్నం కొట్టిన మట్టిగోడ, తాటివనం — ఇవి సినిమాకు అక్కర్లేని వస్తువులుగా ఉండిపోయాయి.

ఆ స్థితిని మార్చినవారిలో బి.నర్సింగరావు ముందుంటారు. 1946లో మెదక్ ప్రాంతంలోని ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన ఈయన చిత్రకారుడు, నటుడు, సంగీతం తెలిసినవాడు, నిర్మాత, దర్శకుడు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో ‘మా భూమి’ నిర్మించారు. తర్వాత తానే దర్శకత్వం వహించిన ‘రంగుల కల’ (1983)లో చిత్రకారుడి పాత్ర తానే వేశారు. నగరంలో బతకడానికి తంటాలు పడే చిత్రకారుడి కథ అది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చుకుంది. కుంచె పట్టడం తెలిసిన చెయ్యి తెర మీద కుంచె పట్టింది కాబట్టి ఆ పాత్రలో నటన, జీవితం అతికినట్టు ఉండవు. ఒకే మనిషి బొమ్మ గీసి, వేషం వేసి, ఫ్రేము కూడా కూర్చడం సురభి తర్వాత తెలుగులో మళ్ళీ ఇంత పూర్తిగా జరగడం ఇక్కడే చూస్తాం.

ఐదేళ్ళకు వచ్చింది ‘దాసి’ (1988). నిజాం కాలం, 1920ల ప్రాంతపు దొరల గడీ. పెళ్ళికూతురితో పాటు అరణంగా వచ్చిన దాసి కమలాక్షి కథ. దొర వల్ల గర్భవతి అయిన ఆమెకు ఆ బిడ్డను కనే హక్కు కూడా ఉండదు. ఈ సినిమాకు కళా దర్శకుడు తోట వైకుంఠం. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాదులో లలిత కళలు చదివి, బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర శిక్షణ పొందిన చిత్రకారుడు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నిండైన నల్లని ఒళ్ళు ఉన్న ఆయన పల్లె స్త్రీల బొమ్మలు ఇవాళ ప్రపంచమంతా తిరుగుతున్నాయి. చిన్నప్పుడు ఊళ్ళకు వచ్చే నాటక బృందాల్లో ఆడవేషం కట్టే మగ నటుల అలంకారం ఆయన కంట్లో నిలిచిపోయింది. అంటే ఆయన రంగుల మూలం కూడా ఒక నటుడి ముఖం దగ్గరే ఉంది.

వైకుంఠం కాన్వాసు మీది రంగులు ఎర్రగా, పచ్చగా, నిండుగా మండుతుంటాయి. ‘దాసి’లో ఆ జోరును ఆయన తెచ్చిపెట్టలేదు. ఇక్కడ రంగును వెనక్కి లాగి చోటును ముందుకు తెచ్చారు. దొర కూర్చునే చోటుకూ దాసి నిలబడే చోటుకూ మధ్య దూరం, ఎత్తయిన గడపలు, లోపలి గదుల చీకటి, వాకిట్లోని వెలుతురు, చేతితో తోమి తోమి మెరిసే ఇత్తడి. కమలాక్షి పొద్దస్తమానం చేసే పని ఈ చోట్ల మధ్య నడకే. నీళ్ళు, ఊడ్పు, పక్క, పిలుపు. మాటలు తక్కువగా ఉన్న ఆ సినిమాలో ఆమె స్థితిని గడీయే చెబుతుంది. అర్చన ఆ పాత్రకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. అంతకు ముందు సంవత్సరం ఆమెకు అదే పురస్కారం తెచ్చిన తమిళ సినిమా ‘వీడు’ ఒక ఆడపిల్ల సొంత ఇల్లు కట్టుకోవడానికి పడిన పాట్ల కథ. ఒక నటికి వరుసగా రెండు గొప్ప పాత్రలు, రెండిటిలోనూ ఇల్లే ఆమెకు ఎదురు నిలిచిన పాత్ర కావడం గమనించదగ్గ విషయం.

36వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ‘దాసి’కి ఐదు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, అర్చనకు నటన, ఎ.కె.బీర్‌కు ఛాయాగ్రహణం, సుదర్శన్‌కు దుస్తులు, వైకుంఠానికి కళా దర్శకత్వం. నటి, వెలుగు, బట్ట, గోడ నాలుగూ ఒకే సినిమాకు గెలిచాయంటే నలుగురూ ఒకే గడీని మనసులో పెట్టుకుని పనిచేశారన్న మాట. తెలుగు కళా దర్శకత్వంలో దీన్ని మించిన పని జరగలేదని నా నమ్మకం. దీనికంటే వందల రెట్లు ఖర్చుపెట్టిన సెట్లు తర్వాత వచ్చాయి గానీ, ఒక సామాజిక నిజాన్ని గోడలతో ఇంత సూటిగా చెప్పినవి రాలేదు.

ఈ దారిలోనే పోచంపల్లి చీరల నేతన్న చింతకింది మల్లేశం జీవితం మీద వచ్చిన ‘మల్లేశం’ (2019)ను చెప్పుకోవాలి. దానికి ప్రొడక్షన్ డిజైన్ చేసిన ఏలె లక్ష్మణ్ కూడా చిత్రకారుడు, తెలంగాణ రాష్ట్ర చిహ్నం గీసినవారు. మగ్గం ఉన్న ఇంట్లో మనిషి మెలగాల్సిన ఇరుకు, నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయడానికి కావలసిన చోటు అందులో సరిగ్గా కనిపిస్తాయి.

భారీ సెట్ల కాలం

2003లో ‘ఒక్కడు’ కోసం కళా దర్శకుడు అశోక్ హైదరాబాదు శివార్లలో చార్మినార్‌ను, చుట్టూ పాతబస్తీ వీధులను కట్టారు. అసలు చార్మినార్ దగ్గర జనాన్ని, బళ్ళను ఆపి రోజుల తరబడి షూటింగు చేయడం కుదరని పని. అక్కడి నుంచి తెలుగులో సెట్టే ఒక ప్రచార వస్తువయింది. ‘మగధీర’ (2009)కు రవీందర్ ఉదయఘడ్‌ను, ‘బాహుబలి’ రెండు భాగాలకు (2015, 2017) సాబు సిరిల్ మాహిష్మతిని రామోజీ ఫిల్మ్ సిటీలో నిలబెట్టారు. ‘ఆచార్య’ (2022)కు సురేష్ సెల్వరాజన్ హైదరాబాదు దగ్గర ఇరవై ఎకరాల్లో గుడి ఊరినే కట్టారు.

వీరిలో సాబు సిరిల్ ఈ వ్యాసానికి దగ్గరి మనిషి. మద్రాసు లలిత కళల కళాశాలలో చదివిన ఈయనకు ‘తేన్మావిన్ కొంబత్’, ‘కాలాపానీ’, ‘ఓం శాంతి ఓం’, ‘ఎందిరన్’ చిత్రాలకు నాలుగు జాతీయ పురస్కారాలు వచ్చాయి. మన దగ్గర ‘రోబో’గా ఆడిన ‘ఎందిరన్’ (2010)లో షా అనే చిన్న పాత్ర కూడా వేశారు. తాను కట్టిన ప్రపంచంలో తానే కెమెరా ముందు నిలబడి నటించడం ఆ వృత్తిలో చాలా కొద్దిమందికి దక్కిన అనుభవం. ‘ఆర్ఆర్ఆర్’ (2022)కు కూడా ఆయనే.

మాహిష్మతిలో సగం కర్ర, ఫైబరు. మిగతా సగం కంప్యూటరులో పుట్టింది. నటుడు ఇప్పుడు ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడి లేని కోటను చూసి ఆశ్చర్యపోవాలి. అలాంటప్పుడు కళా దర్శకుడి చేతి స్కెచ్చే నటుడికి దొరికే ఒకే ఆధారం. దీనికి పూర్తి ఎదురు దారిలో నడిచింది ‘రంగస్థలం’ (2018). రామకృష్ణ, మోనిక కట్టిన 1980ల నాటి ఆ ఊరిలో పంచాయతీ కార్యాలయం, గుడిసెలు, గట్లు అన్నీ నిజంగా ఉన్నాయి. కథానాయకుడు చిట్టిబాబు వాటి మధ్య పరిగెత్తిన తీరులోనే ఆ తేడా కనిపిస్తుంది.

కల్లూరు నుంచి భద్రాచలం దాకా

ఖమ్మం జిల్లా కల్లూరు వైపు వస్తే, తెలంగాణ పల్లె తెర మీద తనలా తాను కనబడటమనే విషయం ఇంకో రూపం తీసుకుంటుంది. 1953లో వరంగల్లు నుంచి విడిపోయి ఏర్పడిన ఖమ్మం జిల్లాలో 1959లో తూర్పు గోదావరికి చెందిన భద్రాచలం ప్రాంతం కలిసింది. కల్లూరు, సత్తుపల్లి, పెనుబల్లి ఊళ్ళలో ఇల్లు ఒకే రకంగా ఉండదు. సాగర్ కాలువ పారే వైపు పెంకుటిళ్ళు, డాబాలు, వరి గడ్డివాములు. అడవి దగ్గరయ్యే కొద్దీ వెదురు తడికకు మట్టి మెత్తిన గోడలు, తాటాకు కప్పులు, కోయగూడేల విడివిడి ఇళ్ళు. కొన్ని మైళ్ళ దూరంలో మూడు రకాల కట్టుబడి కనిపించే చోటు ఇది. ఒక కళా దర్శకుడికి ఇంతకంటే మంచి బడి ఉండదు.

సినిమా ఈ నేలను వాడుకున్నది ఎక్కువగా గోదావరి కోసం, రాముడి కోసం. ‘అందాల రాముడు’ (1973), ‘గోదావరి’ (2006) రెండూ నది మీదుగా భద్రాచలానికి సాగే ప్రయాణాలే. 1964లో చిత్తూరు నాగయ్య తీసిన ‘రామదాసు’, 2006 నాటి ‘శ్రీరామదాసు’ వంటి కథలకు భద్రాద్రి గుడి, గోల్కొండ చెర రెండూ తప్పవు. మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలం వచ్చే ఘాట్ రోడ్డు అడవి సినిమాలకు ఇష్టమైన చోటయింది. ఇంత తిరిగినా కోయ ఇల్లు మాత్రం తెర మీద సరిగ్గా రాలేదు. అడవి మనుషుల గూడెం అనగానే పుర్రెలు, ఈకలు, మంట చుట్టూ ఆట కనబడే అలవాటు ఇంకా పోలేదు. కోయ ఇంటి ముందు శుభ్రంగా అలికిన వాకిలి, గింజలు దాచే గాదె, ఇప్పపువ్వు ఆరబోసిన చాప తెర మీద ఎప్పుడు కనిపించాయి? ఇది కళా దర్శకుల తప్పు మాత్రమే కాదు. వాళ్ళు చూసి గీయడానికి ఈ ఇళ్ళ బొమ్మలు, కొలతలు ఎక్కడా పోగై లేవు.

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలకు ఇప్పుడు దారులున్నాయి. హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదవచ్చు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కళా దర్శకత్వానికే ప్రత్యేకంగా కోర్సు ఉంది. చదువుకు ముందే మొదలుపెట్టగల పని ఒకటి ఉంది. కల్లూరు చుట్టుపక్కల పెంకుటిళ్ళు, తాటాకిళ్ళు ఏటేటా పడిపోయి స్లాబు ఇళ్ళవుతున్నాయి. మీ తాతల ఇల్లు నిలబడి ఉండగానే టేపు తీసుకుని గుమ్మం ఎత్తు, అరుగు వెడల్పు, చూరు వాలు కొలిచి నోటుబుక్కులో గీసి పెట్టుకోండి. పక్కన తేదీ, ఊరి పేరు రాయండి.